వంగడానికే పుట్టిన కట్టె

సిద్దిపేట చుట్టుపక్కల ఇప్పుడు నీళ్లకు కొదవ లేదు. కోమటి చెరువు ఊరిని ఆనుకునే ఉంది. 2020లో రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్ వచ్చాయి. 50 టీఎంసీల మల్లన్న సాగర్ 2022లో ప్రారంభమైంది. వెదురు బొంగుకు దారం కట్టి, బెండు వేసి ఓపికగా కూర్చునే పెద్దల పక్కన నల్లటి కార్బన్ కట్టె, రబ్బరు కప్ప పట్టుకుని నిలబడే కుర్రాళ్లూ చెరువు గట్ల మీదికి వస్తున్నారు.

కుర్రాళ్ల గురి కొర్రమీను మీద. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. నేరుగా గాలి పీల్చుకునే చేప కనుక మాటిమాటికీ పైకి వస్తుంది. నీటి మీద కదిలే కప్ప కనబడితే ఒక్క ఉదుటున అందుకుంటుంది. సముద్రంలో ఇలాంటి పైనీటి వేటే ఎన్నో రెట్ల బలంతో చేసేది జెయింట్ ట్రెవల్లీ. పార చేపల్లోకెల్లా పెద్దది. 2006లో జపాన్‌లో గాలానికి పడిన ఒక చేప 72.8 కిలోలు తూగింది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మన మత్స్యకార కుటుంబాలు స్థిరపడిన అండమాన్ దీవులకు ఈ చేప కోసమే దేశదేశాల వాళ్లు గాలాలు పట్టుకుని వస్తారు.

చెరువుకైనా సముద్రానికైనా కట్టె కొనేవాళ్లు ముందు అడిగేది "ఎన్ని కిలోలు ఆగుతుంది?" అని. అడగాల్సింది అది కాదు. ఎక్కడ వంగుతుంది, ఎంత త్వరగా మళ్లీ నిటారుగా నిలుస్తుంది అని అడగాలి. గాలం కట్టె చరిత్ర అంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

ఈజిప్టులోని బెనీ హసన్ సమాధుల గోడల మీద దాదాపు 4000 ఏళ్ల కిందటే కట్టెతో చేపలు పట్టే మనిషి బొమ్మ ఉంది. చైనా చిత్రకారుడు మా యువాన్ 1195 ప్రాంతంలో గీసిన పటంలో కట్టెకు రీలు కూడా కనిపిస్తుంది. అసలు మలుపు మాత్రం 1840లలో, అమెరికాలోని ఈస్టన్ పట్టణంలో వచ్చింది. తుపాకులు, వయొలిన్లు చేసే శామ్యూల్ ఫిలిప్ వెదురును నిలువుగా చీల్చి, పైతోలు ఉన్న బద్దలను అతికించి కట్టె తయారుచేశాడు. తర్వాత హైరమ్ లియోనార్డ్ ఆరు బద్దల కట్టెను పేరుమోసిన సరుకుగా మార్చాడు.

ఆ తొలి కట్టెలకు వాడిన వెదురు మన దేశానిదే. కలకత్తా రేవు నుంచి వెళ్లింది గనుక అక్కడ దాన్ని 'కలకత్తా కేన్' అన్నారు. శాస్త్రీయ నామం డెండ్రోకలామస్ స్ట్రిక్టస్. ఆదిలాబాద్ అడవుల్లో పెరిగేదీ, లాఠీలు చేసేదీ ఈ జాతి వెదురే. ప్రపంచంలో గొప్ప గాలం కట్టెల వంశవృక్షానికి వేరు మన అడవుల్లోనూ ఉన్న మొక్కే అన్న సంగతి మన పిల్లలకు ఏ పాఠంలోనూ చెప్పకపోవడం నాకు వెలితిగానే అనిపిస్తుంది.

ఫిలిప్ పైతోలునే ఎందుకు ఎంచుకున్నాడు? మేదరి పని దగ్గరుండి చూసినవాళ్లకు తెలుసు, వెదురు బలమంతా పైపొరలోనే. నారపోగులు అక్కడే కిక్కిరిసి ఉంటాయి. కట్టె వంగినప్పుడు ఒకవైపు పైపొర సాగుతుంది, రెండోవైపు నొక్కుకుపోతుంది. నడిమధ్యన ఒత్తిడి దాదాపు సున్నా. అందుకే లోపల బోలుగా ఉన్నా నష్టం లేదు. బోలు గొట్టానికి ఉన్న ప్రమాదం వేరు. బొప్పాయి కాడను వంచి చూడండి: ముందు చప్పబడుతుంది, ఆ తర్వాతే విరుగుతుంది. వెదురులో అలా చప్పబడకుండా కాసేవి కణుపులు.

తర్వాత చైనా టోంకిన్ వెదురు రాజ్యమేలింది. 1950లో అమెరికా చైనాతో వ్యాపారం ఆపేయడంతో అది అందకుండా పోయింది. అప్పటికే మార్కెట్లోకి వచ్చిన గాజునార కట్టెలు ఆ చోటు ఆక్రమించాయి. ఇక కార్బన్ నార. జపాన్‌లో అకియో షిండో, ఆ వెనక 1960లలో బ్రిటన్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన సంస్థ దీనికి బాట వేశారు. విమానాల కోసం పుట్టిన ఈ నార 1970ల మొదట్లోనే చేపల కట్టెగా అంగడికెక్కింది.

తయారీ చూడముచ్చటగా ఉంటుంది. రెసిన్ పట్టించిన కార్బన్ బట్టను కోణాకారంలో కత్తిరిస్తారు. ఒక కొన సన్నగా ఉండే ఉక్కు కడ్డీకి దాన్ని బిగువుగా చుడతారు. పైన టేపు మెలిపెట్టి బిగించి, ఓవెన్‌లో వేడిచేసి గట్టిపరిచి, కడ్డీని బయటికి లాగేస్తారు. పోగులు ఎక్కువగా నిలువునా ఉంటాయి. కొన్నిటిని మాత్రం అడ్డంగా చుడతారు. గొట్టం చప్పబడకుండా కాసేవి అవే. వెదురులో కణుపు చేసే పని ఇక్కడ ఈ అడ్డపోగులది.

దుకాణంలో కట్టె మీద 24 టన్, 30 టన్, 40 టన్ అని రాసి ఉంటుంది. అది ఎత్తగల బరువు కాదు, నార బిర్రుతనం. సంఖ్య పెరిగేకొద్దీ కట్టె తేలికవుతుంది, చురుకవుతుంది, పెళుసూ అవుతుంది. మామూలు కార్బన్ పోగు తన పొడవులో దాదాపు 1.5 శాతం సాగితే తెగుతుంది, గాజు పోగు 4 శాతం దాటినా ఓర్చుకుంటుంది. పెద్ద చేప కోసమైతే 40 టన్ను మోజు వద్దనే నా సలహా. కొంత గాజు కలిసిన కట్టె బరువున్నా, దెబ్బ తట్టుకుంటుంది.

వంపు విలువ తెలియాలంటే ఒక చిన్న లెక్క చాలు. కట్టె పొడవు 2.4 మీటర్లు. అడుగు నడుం బెల్టులో ఆనింది, ముందు చేయి అడుగు నుంచి 60 సెంటీమీటర్ల దగ్గర ఉంది. చేప 10 కిలోల బలంతో లాగుతోంది. కట్టె అసలు వంగక దారానికి అడ్డంగా నిలిస్తే ముందు చేతి మీద పడేది 40 కిలోలు. బాగా వంగి, కట్టె అడుగుకూ దారం లాగే గీతకూ మధ్య దూరం 1.2 మీటర్లకు తగ్గితే 20 కిలోలే. కాబట్టి ట్రెవల్లీకి రెండున్నర మీటర్ల లోపు పొడవు, నడుం దాకా వంగే కట్టె మేలు. నీళ్లు చిమ్మే 150 గ్రాముల పాపర్ ఎరకు కొన కాస్త బిర్రుగా, ఈదుతూ వచ్చే స్టిక్‌బెయిట్ ఎరకు కొన మెత్తగా ఉండాలి. చేప పడవ దగ్గరికి వచ్చాక కట్టెను నిటారుగా ఎత్తకండి. లాగుడంతా సన్నని కొన మీద పడి పుటుక్కున విరుగుతుంది.

కొర్రమీనుకు ఏడడుగుల లోపు కట్టె సరిపోతుంది. కింది భాగం గట్టిగా ఉండాలి, లేకుంటే గుర్రపుడెక్కలోంచి చేపను బయటికి లాగలేం.

కార్బన్ కట్టె కొన్నవాళ్లు ఒకటి మరవొద్దు. వెదురుకూ గాజుకూ లేని గుణం దానికి ఉంది: కరెంటు దానిగుండా సులువుగా పారుతుంది. మన చెరువుల పక్కన మోటార్లకు వెళ్లే తీగలు తక్కువ ఎత్తులో ఉంటాయి. విసిరే ముందు ప్రతిసారీ పైకి చూడండి. ఉరుము వినబడితే కట్టెను కింద పెట్టి గట్టు దిగి వెళ్లిపోండి. పిల్లలకు కట్టె కొనిచ్చేవాళ్లు ఈ మాట ముందే చెప్పి ఇవ్వండి.