నిద్రవేళ సెల్‌ఫోను



రాత్రి 9 గంటలకు దీపమార్పి మంచమెక్కి, 11 గంటల వఱకును సెల్‌ఫోను చూచుచుండుట యిప్పుడు పట్టణవాసులకే పరిమితము గాదు. మనుమలను మందలించు తాతలే తెల్లవాఱుజామున మెలకువ రాగానే దానికై దిండు క్రింద తడుముకొనుచున్నారు. ఈ యలవాటు మానుట యెట్లో యించుక విచారింతము.

చీకటి పడిన పిదప మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అను ద్రవ్యమును రక్తములోనికి విడుచును. రాత్రి వచ్చినదని దేహమునకు వేయు చాటింపు వంటిది యిది. కంటిలో పగటికిని రాత్రికిని గల భేదమును మెదడునకు దెలుపు కణములు కొన్ని కలవు. అవి నీలికాంతికి మిక్కిలి స్పందించును. ఫోను తెర వెలుతురులో నీలిపాలు హెచ్చు. అమెరికాలోని బోస్టను నగర పరిశోధకులు 12 మందిచే కొన్ని రాత్రులు వెలుగు తెరపైనను, కొన్ని రాత్రులు అచ్చుపుస్తకమునను చదివించి, 2014లో ఫలితములు ప్రకటించిరి. తెరపై చదివినపుడు నిద్రపట్టుటకు సుమారు 10 నిమిషము లధికముగా బట్టెను. దేహపు గడియారము గంటన్నర వెనుకబడెను. అయితే వారు చదివినది రాత్రికి నాలుగేసి గంటలు!

10 నిమిషములేగదా యందురేమో. నిజమే. వెలుతురుకంటె పెద్ద దొంగ వేఱొకటి కలదని నా తలంపు. పుస్తకమున ప్రకరణము ముగియును. హరికథకు మంగళహారతి యుండును. ఫోనులోని పుటకు మాత్రము అడుగు లేదు. వ్రేలితో త్రోసినకొలది క్రొత్తది వచ్చుచునే యుండును. 2006లో ఈ పద్ధతిని గల్పించిన అజా రాస్కిన్ అను నమెరికా దేశీయుడే తరువాత దానికి పశ్చాత్తాపము వెలిబుచ్చెను. ముగింపు లేనిచోట ఆపవలసిన భారము చూచువానిపై బడును. పగలెల్ల నలసిన మనస్సున కా బలము చాలదు. కనుకనే "రేపటినుండి చూడను" అను ఒట్టు నిలువదు. ఒట్టు పెట్టుకొనుట కాదు, ఫోనునే పడకగదికి వెలుపల నుంచవలెను.

నడిమింట ఛార్జి పెట్టి వచ్చి పడుకొనుడు. అనగానే ఆక్షేపణలు బయలుదేఱును. వేకువనే లేపువా రెవరు? అలారము గడియారము. రాత్రి లేచినపుడు దారి చూపున దేమి? చిన్న టార్చిలైటు, ఫోనును దీపముగా బట్టుకొన్నవాడు దారిలోనే సందేశములు చదువ మొదలిడును. ఆపదవేళ కబురెట్లు? గంట గట్టిగా మ్రోగునట్లును, అయినవారి పిలుపులకు మాత్రమే మ్రోగునట్లును అమర్చుకొన వీలున్నది; ఇంటిలోని యువకులు రెండు నిమిషములలో జేసిపెట్టుదురు.

కుమారుడో కుమార్తెయో అమెరికాలో నున్నచో, అదియే గట్టి చిక్కు. వారితో మాటలాడిన పిదప ఫోను చేతిలోనే మిగిలిపోవును. ఆ పిలుపును ఉదయమునకు మార్చుకొనుడు. మనకు ఉదయము ఆఱున్నర యైనపుడు న్యూయార్కులో వేసవియందు ముందటి రాత్రి 9 గంటలు, శీతకాలమున 8 గంటలు. పనులు ముగించుకొన్న బిడ్డలు తీఱికగానే పలుకుదురు.

మొదటి కొన్ని రాత్రులు చేయి దిండు క్రిందికి బోవుచునే యుండును. దానికి వెఱవ బనిలేదు. ఒక నెల గడచినను నిద్ర రానివారును, గుఱకతో ఊపిరి నిలిచి ఉలికిపడి లేచువారును దోష మంతయు ఫోనుపై మోపి యూరకుండక వైద్యునికి జూపించుకొనవలెను.