కండరములకు పని – రక్తములోని శోథము

ముల్లు గ్రుచ్చుకొన్న వ్రేలు ఎఱ్ఱబడును, వేడెక్కును, వాచును, సలుపును. ఈ స్థితినే శోథ మందురు. ఇది శరీరము చేసికొను ఆత్మరక్షణ. గాయము మానగానే అణగిపోవును. కాని స్థూలకాయులలో పెక్కురకు ఏ ముల్లును లేకయే సన్నని శోథ మొకటి ఏళ్ల తరబడి రగులుచుండును. అది నొప్పి పెట్టదు, కంటికి కానరాదు. రక్తపరీక్ష వలననే బయటపడును.

ఆ పరీక్షలో చూచునది సి-రియాక్టివ్ ప్రోటీను. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనువారు న్యుమోనియా రోగుల రక్తములో దీనిని కనుగొనిరి. దీనిని తయారుచేయునది కాలేయము. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపున్న మంచిది. 3 దాటినచో గుండెజబ్బు భయము హెచ్చు. (జ్వరముతో నున్నవారిని పరీక్షించి ఈ లెక్క చూడరాదు. అప్పుడది వంద దాటినను దాటవచ్చును.) అమెరికాలో జరిగిన ఒక పెద్ద సర్వే ఫలితములు 1999లో వెలువడినవి. వాని ప్రకారము ఈ ప్రోటీను హెచ్చుగా నుండు అవకాశము, సాధారణ బరువు గలవారితో పోల్చగా, స్థూలకాయులైన పురుషులలో సుమారు రెండింతలు, స్త్రీలలో ఆరింతలు!

క్రొవ్వు అనగా డబ్బాలోని నూనెవలె ఊరక పడియుండు నిలువ అని మనలో చాలమంది భావము. అది సరికాదు. క్రొవ్వు కణములు ఉబ్బినకొలది, సూక్ష్మజీవులను మ్రింగు భక్షకకణములు అక్కడ గుమిగూడునని 2003లో తేలినది. ఇవి, క్రొవ్వు కణములు కలిసి ఇంటర్‌ల్యూకిన్-6 మొదలగు రసాయనములను విడుదల చేయును. వాని ప్రేరణచే కాలేయము పై ప్రోటీనును తయారుచేయును.

ఇక్కడొక చిక్కు ఉన్నది. శ్రమించు కండరము కూడ ఇదే ఇంటర్‌ల్యూకిన్-6ను విడుదల చేయును. అట్లైన వ్యాయామము శోథమును పెంచవలె గదా? పెంచదు. పొయ్యిలోని నిప్పు వేఱు, చూరులోని నిప్పు వేఱు. కండరమునుండి వచ్చినది కొద్ది గంటలలో తగ్గిపోవును. పోవుచు, శోథమును అణచు ఇంటర్‌ల్యూకిన్-10 వంటి వానిని రేపి పోవును. డెన్మార్కులో పెడర్సన్ అను వైద్యురాలు, ఆమె సహచరులు ఈ విషయమున విశేషకృషి చేసిరి.

బరువులెత్తుట, రబ్బరుపట్టీలు లాగుట, కుర్చీలోనుండి పలుమార్లు కూర్చొని లేచుట – ఇవన్నియు కండరములకు ఎదురుబలము కల్పించు వ్యాయామములు. 2007లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో, అధిక బరువు గల స్త్రీలు వారమునకు రెండుసార్లు చొప్పున ఏడాదిపాటు ఇట్టి వ్యాయామము చేసిరి. వారిలో సి-రియాక్టివ్ ప్రోటీను తగ్గినది. శోథమును అణచు అడిపోనెక్టిను పెరిగినది. పాల్గొన్నవారు ముప్పదిమందికి లోపే గనుక దీనినే తుదితీర్పుగా గొనరాదు. అన్ని పరిశోధనలును ఒకే ఫలితము నీయలేదు. బరువు కూడ తగ్గినవారిలో మార్పు స్పష్టముగా కన్పించును.

అయినను ఒక మాట. కండ పెరిగి, అంతే క్రొవ్వు తగ్గినచో త్రాసు ముల్లు కదలదు. అది చూచి, ఫలితము లేదని రెండు నెలలకే మానివేయువారు ఎందఱో! రక్తములో మార్పును త్రాసు చూపజాలదు. నడుము కొలత కొంత నయము.

ఆరంభమున తేలిక బరువులే చాలును. ఎత్తునప్పుడు ఊపిరి బిగబట్టరాదు. రక్తపోటు హఠాత్తుగా పెరుగును.