నవ్వించు నడక

పాలమూరు, నల్లగొండ సీమల పల్లెలలో పిట్టలదొర అడుగిడినప్పుడు జనము నవ్వుటకు ఆతని మాటకొఱకు వేచియుండదు. వీథి మొగను ఖాకీ దుస్తులు, నెత్తిపై దొరటోపీ, భుజముపై కట్టెతుపాకి కనబడి, ఆతడు ఱొమ్ము విఱిచి, గడ్డము పైకెత్తి, బిగిసిన మోకాళ్ళతో నాలుగడుగులు వేసినంతనే, అరుగులపై కూర్చున్న ముసలివారు మొదలుకొని వెంటబడిన పిల్లలవఱకు అందఱి పెదవులును విచ్చుకొనును. తుపాకి రాముడనియు, లత్కోర్ సాబనియు గూడ పేరొందిన ఈ వేషధారి, పిమ్మట తనకు లేని జాగీర్లను గూర్చియు, తాను గెలువని యుద్ధములను గూర్చియు ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు కలగలిపి కోతలు కోయును. ఆ కోతలు జనమునకు రుచించుటకు వలసిన పదును మాత్రము ఆతని మేను ముందే పట్టియుంచును. చిరుగుల చొక్కా ఒకటి చెప్పుచుండగా చక్రవర్తి ఠీవి వేఱొకటి చెప్పును. ఒక్క దేహమున ఇమడని ఈ రెండు సాక్ష్యములను ఒక్కసారిగా చూచినవాడు నవ్వక యుండలేడు.

రంగస్థల హాస్యమనగా సంభాషణలోని చమత్కారమేయని మనలో పెక్కురు తలంతురు. అట్లు తలంచుటకు హేతువు లేకపోలేదు. నాటకము అచ్చుపడినప్పుడు మాట నిలుచును గాని నడక నిలువదు. తాత విని నవ్విన మాటను మనుమడు పుస్తకమున చదువుకొనగలడు గాని, ఆ మాటకు ముందు నటుడు ఎంతసేపు ఆగెనో, బరువును ఏ కాలిపై మోపెనో, ఏ క్షణమున వెనుకకు తిరిగెనో తెలిసికొనలేడు. అచ్చుకు అందని ఆ భాగమే హాస్యనటుని విద్యలో పెద్ద భాగము. మాటకు వ్యాకరణమున్నట్లే మేనికిని ఒక వ్యాకరణము కలదు. దక్షిణ తెలంగాణపు మెట్టసీమలలో వీథినాటకములాడి బ్రదికిన వంశములవారు దానిని పుస్తకము లేకయే తరతరములుగా నేర్చి, నేర్పి, కాపాడిరి.

శాస్త్రకారులు ఈ విషయమును ఎన్నడును చిన్నచూపు చూడలేదు. అభినయమును ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికములని విభజించిన నాట్యశాస్త్రము, విదూషకుని హాస్యము అంగమువలనను, వాక్యమువలనను, వేషమువలనను ముత్తెఱగుల పుట్టునని చెప్పి, ఆతడు కొంగవలె మీదికిని క్రిందికిని చూచుచు, పెద్ద అంగలు వేయుచు నడువవలెనని నడకను సైతము నిర్దేశించినది. మూడింటిలో అంగమునకే ప్రథమస్థానము లభించుట గమనింపదగినది. ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సన్ 1900లో నవ్వును గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, సజీవుడైన మనుష్యుడు యంత్రమువలె బిగిసి ప్రవర్తించినప్పుడు హాస్యము జనించునని వాదించెను. జీవితము వంగుమని కోరుచుండగా వంగనొల్లని అహంకారమునకు రూపముగట్టిన పిట్టలదొర మోకాళ్ళు ఆ సిద్ధాంతమునకు, దాని పేరైనను విననక్కఱలేకయే, చక్కని ఉదాహరణము.

ఈ సీమలో ఆటపాటల వెల్లువ నేటిది కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వతప్రకరణమున, శివరాత్రికి శ్రీశైలము చేరిన భక్తజనుల నడుమ సాగిన నానావిధములైన ఆటలను, వేషములను, బొమ్మలాటలను విస్తరించి వర్ణించెను. ఆ పర్వతమునకు పశ్చిమద్వారమైన అలంపురమును, ఉత్తరద్వారమైన ఉమామహేశ్వరమును పూర్వపు పాలమూరు జిల్లాలోనివే. యాత్రికులు నడచిన త్రోవలవెంట ఆటగాండ్రును నడచియుందురనుట సులభమైన ఊహ. ఆ జిల్లాలోని ఇటికాలపాడునకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో, రాజుల యుద్ధములకు మాఱుగా ప్రజల వేషభాషలకును వినోదములకును చోటిచ్చి, పాల్కురికి సోమనాథుని వంటి కవుల కావ్యములను సాక్ష్యములుగా గ్రహించిరి. జనులు దేనికి నవ్విరో తెలియక వారి చరిత్ర తెలిసినదనుట సాహసమని ఆ గ్రంథము చదివినవారికి తోచును.

ఇక చిందు భాగవతమును చూతము. మాదిగలను ఆశ్రయించి జీవించిన చిందువారు తెలంగాణమంతట ఆడుచువచ్చిన ఈ యక్షగానమున జాంబపురాణము మొదలుకొని చెంచులక్ష్మి, సారంగధర వఱకు అనేక కథలు తెల్లవార్లు ప్రదర్శింపబడును. ఊరి నడుమ ఖాళీజాగాయే రంగము. ఇద్దఱు పట్టుకొనిన గుడ్డయే తెర. మద్దెల, తాళములు, హార్మోనియము వాద్యములు. జనము దాదాపు చుట్టును కూర్చుండును గనుక, నటునకు ముందే గాని వెనుక యనునది లేదు; ఒకవైపు ముఖము త్రిప్పినచో తక్కిన వైపులవారికి ఆతని వీపు మాటలాడవలెను. కన్ను, పెదవి, కనుబొమ విలాసములు తొలి వరుసలవారికే చెందును. మసక వెలుగులో దూరమున నిలిచినవానికి అందవలసినచో భుజములు కదలవలెను, నడుము తిరుగవలెను, పాదము నేలను మోగింపవలెను. ఈ నాటకములలోని ఆంగికము పట్టణపు ప్రేక్షకునకు అతిగా తోచుటకు కారణము మోటుదనము కాదు. అది ఆ రంగముయొక్క కొలతలకు సరిపోవునట్లు తీర్చబడిన ప్రమాణము.

ఆ ఆటలో రాజు వచ్చుట చూడుడు. కిరీటము, భుజకీర్తులు ధరించి ఆతడు తెరవెనుకనుండి గజ్జెలు మోగించుచు, తాళమునకు అంగుళమైనను తప్పని అడుగులతో, తన రాకను తానే పాడుకొనుచు ప్రవేశించును. వీరుని పాదము దృఢముగా నేలను తాకగా జనము భయభక్తులతో సర్దుకొని కూర్చుండును. ఆ నడక కన్నులలో పాతుకొనిన పిమ్మట హాస్యగాని వంతు వచ్చును. చిందు భాగవతమున హాస్యమునకు పెట్టినపేరైన బుడ్డర్‌ఖాన్ వేషము సిపాయి ఆర్భాటమును, మొరటు దర్పమును నెత్తికెత్తుకొని వికృతాహార్యముతో ప్రవేశించును. రాజునకు కొట్టిన తాళమే ఆతనికిని కొట్టుదురు. ఆతడు మాత్రము ఒక అడుగు ముందుగానో, ఒక అడుగు వెనుకగానో పడి, తడబాటును కప్పిపుచ్చుకొనుటకు ఇంకొక గంతు వేసి, ఆ గంతును మీసము దువ్వి గొప్పగా చూపింపవలెను. రాజు నడక లేనిచో ఈ నడకకు అర్థము లేదు. హాస్యగాడు గంభీరుని ఋణగ్రస్తుడు.

ఇందొక రహస్యము కలదు. తాళము తెలియనివాడు తాళము తప్పిన అది కేవలము తప్పు; తెలిసినవాడు తప్పిన అది నవ్వు. ఎంత తప్పవలెనో, ఏ దరువున తప్పవలెనో, తప్పిన పిమ్మట ఎక్కడ కలిసికొనవలెనో మద్దెలవానికిని వేషధారికిని నడుమ ఎఱుక యుండవలెను. అందువలననే మేళములలో హాస్యవేషమును చేయి తిరిగినవానికే అప్పగింపవలసివచ్చును. రాజవేషధారికి పద్యము, కిరీటము, కథాగౌరవము అండగా నిలుచును. హాస్యగానికి తన మేను తప్ప వేఱు దిక్కు లేదు, జనము నవ్వకున్న ఆతనిని కాపాడు దేవుడును లేడు. చిందు కుటుంబములలో స్త్రీలును రంగమెక్కిరి. నిజామాబాదు ప్రాంతమున ప్రఖ్యాతి గాంచి 2005లో కన్నుమూసిన చిందు ఎల్లమ్మ పురుషపాత్రలను సైతము ధరించెను. స్త్రీ పురుషుని నడకను, పురుషుడు స్త్రీ నడకను పరిశీలించి పట్టుకొనుటయందు ఈ నటులకు గల నేర్పు కేవలము వేషముచే వచ్చునది కాదు. బరువు కటిలో నిలుచునో భుజములలో నిలుచునో కనిపెట్టుటవలన వచ్చునది.

ఒంటరి వేషమునకు ఒక మార్గమైనచో జంట హాస్యమునకు వేఱొక మార్గము. బుర్రకథలో నడుమ నిలిచిన కథకునకు ఇరువైపుల డక్కీలు మ్రోగించు వంతలలో ఒకడు రాజకీయ వంత, ఇంకొకడు హాస్య వంత. కథకుడు తంబురతో ముందునకు వచ్చి ఆవేశమున కథను సాగించుచుండగా, హాస్య వంత ఆ ఆవేశమును వినుచు, అర్థము కానట్లు నిలిచిపోయి, మెల్లగా మెడ వంచి ఒక అమాయక ప్రశ్న వేయును. పరుగెత్తు కథకును నిలిచిపోయిన మేనికిని గల తేడాయే అచట నవ్వు. గొల్లసుద్దులలో వేషమునకు గొంగడి, కఱ్ఱ, కాలిగజ్జెలు చాలును. ఒగ్గుకథలోనైనచో డోళ్ళ మ్రోతకు చిందులు త్రొక్కుచున్న కథకుడే, వల్లెవాటు వేసికొనిన వస్త్రమును నెత్తిపై కప్పుకొని కంటి రెప్పపాటున కోడలగును, తీసి నడుమునకు చుట్టి మామయగును. ప్రేక్షకుని కన్నుల ముందే జరుగు ఆ మార్పును చూచి మొదట ఆశ్చర్యము, వెంటనే నవ్వు కలుగును.

ఈ నవ్వు ఊరి పెద్దల వినోదముగానే మిగిలిపోలేదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని సుద్దాల గ్రామమునకు చెందిన హనుమంతు, నైజాము కాలపు రైతాంగ పోరాటమున గొల్లసుద్దుల రూపమును గ్రహించి దానిలో వెట్టిచాకిరిని, దొరల దౌర్జన్యమును కథావస్తువుగా నింపెను. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలివారు బుర్రకథను, వీథినాటకమును అదే త్రోవన నడిపించిరి. దొరను తిట్టిన శిక్ష పడవచ్చును. దొరవలె నడచినవానిని ఏ నేరము క్రింద పట్టుకొందురు? గడీ ముందు చెప్పులు విడిచి తలవంచుకొని నడువవలసివచ్చిన జనులు, రాత్రి ఆటలో అదే దొరతనము కాలు జాఱి కూలబడుట చూచి నవ్వినప్పుడు, ఆ నవ్వుతోపాటు వారి వెన్నును కొంత నిటారుగా నిలిచియుండును.

నేల కూలుట యన ఒక సంగతి జ్ఞప్తికి వచ్చినది. హాస్యమున పడుట, కొట్టుట అనునవి చూచువారికి సులభముగా దోచును గాని, నేర్చుకొనువారికి అతికష్టములు. పడువాడు నిలువునా కూలడు; మోకాళ్ళు సడలించి, కటిని క్రిందికి తెచ్చి, ఊపిరి విడిచి, మెత్తని పిరుదులపైననో తొడపైననో భారమును పఱచి, అదే క్షణమున అరచేతితో నేలను చఱచి చప్పుడు పుట్టించును. దెబ్బ తగిలినది నేలకు; నొచ్చినది ప్రేక్షకుని ఊహకు. చెంపదెబ్బ సంగతియు అట్టిదే. కొట్టువాని చేయి చెంపకు దూరమునుండియే జాఱిపోవును, చప్పుడు ఇద్దఱిలో ఒకని చప్పట్లనుండి పుట్టును. ఆ దెబ్బను నిజము చేయువాడు కొట్టినవాడు కాడు, మెడ త్రిప్పి, తూలి, చెంప పట్టుకొని, ఎవడు కొట్టెనాయని వెదకు తిన్నవాడు. అన్నిటికంటె ముఖ్యమైనది ఆగుట. పడిన వెంటనే లేచినవాడు నవ్వును చంపును. పడి, జనమువైపు ఒకసారి చూచి, ఏమియు జరుగనట్లు టోపీ సర్దుకొనువాడు నవ్వును రెట్టింపు చేయును. మేని హాస్యమున కదలిక ఎంతయో నిశ్చలత యంత.

ఇతర దేశముల హాస్యరంగములు చూచినను ఈ సూత్రములే కనబడును. పదునాఱవ శతాబ్దమున ఇటలీలో వీథులలో ఆడిన కొమెడియా దెల్లార్తె మేళములలో కపితానో యను పాత్ర పెద్ద కత్తి ధరించి, లేని పరాక్రమమును చాటుచు, చిన్న చప్పుడునకే పరుగు తీయును. మన బుడ్డర్‌ఖానునకు ఆతడు పెదతండ్రి కొడుకని తోచును. ఆ మేళములలో రెండు చెక్కలు కలిపిన ఒక కఱ్ఱను దెబ్బకు మించిన చప్పుడు పుట్టించుటకై వాడిరి. 1914లో వెండితెరకెక్కిన చాప్లిన్ దేశదిమ్మరికి కోటు బిగువు, పంట్లాము వదులు, బూట్లు పెద్దవి. కొలతలు కలియని ఆ దుస్తులును, వాటిలో మర్యాద తప్పని ఆ నడకయు మన పిట్టలదొరకు పరాయివి కావు. ఒకరిని చూచి మఱొకరు నేర్చుకొనిరని చెప్పుట కిది ఆధారము కాదు. దర్పమును ఓడించుటకు బీదవాని వద్ద అన్ని దేశములలోను ఒకే ఆయుధమున్నదని మాత్రము చెప్పవచ్చును.

అయితే మేని హాస్యమున ఒక దోషమును గూర్చి మొగమాటము లేక చెప్పవలసియున్నది. ప్రాచీనశాస్త్రము విదూషకునకు గూనిని, కుంటితనమును, బట్టతలను, ఎత్తుపండ్లను సైతము హాస్యసామగ్రిగా ఒసగినది. మన వీథులలోను, నాటకములలోను, చలనచిత్రములలోను అంగవైకల్యమును, నత్తిని, బొద్దుతనమును, ఒకానొక కులమువారి నడవడిని అనుకరించి నవ్వించుట చాలకాలము సాగినది, నేటికిని సాగుచున్నది. మనుష్యుడు కోరితెచ్చుకొనని లోపమును చూచి నవ్వుటకు నటునకు నేర్పక్కఱలేదు, ప్రేక్షకునకు మనస్సక్కఱలేదు. పిట్టలదొర నవ్వించునది కుంటితనమునకు కాదు, లేని గొప్పకు; బుడ్డర్‌ఖాన్ నవ్వించునది పేదవానిని చూపి కాదని, అధికారపు డాబును చూపియని ఈ సీమ ప్రజ ఎఱుగును. కోరి ధరించిన గర్వమును ఊడదీయు హాస్యము ఉత్తమము. తప్పించుకొనలేని దేహమును వెక్కిరించు హాస్యము అధమము. నటులకును ప్రేక్షకులకును ఇంతకంటె సులభమైన గీటురాయి వేఱొకటి లేదు.

ఈ విద్య నేడున్న స్థితి సంతోషకరము కాదు. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డము సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ లభించుట గౌరవమే. కాని పురస్కారము ఒకరికి వచ్చును, విద్య ఒకరివలన నిలువదు. మాటను గ్రంథస్థము చేయవచ్చును, పాటను ధ్వనిముద్రికలో పట్టవచ్చును, వీడియోలో నడకను సైతము చూడవచ్చును. అయినను బరువును ఎప్పుడు ఏ కాలికి మార్చవలెనో గురువు ప్రక్కన నిలిచి అడుగు వేసినప్పుడే శిష్యుని మేనికి తెలియును. నల్లగొండలోను, మహబూబునగరులోను ఉన్న పాఠశాలలు, కళాశాలలు తమ వార్షికోత్సవములకు సినిమా పాటల నృత్యములతోపాటు ఒక చిందు మేళమునైనను, ఒక పిట్టలదొరనైనను పిలిచి, కూలి కాక గౌరవవేతనమిచ్చి, ఆటకు ముందు ఒక పూట పిల్లలకు నడక నేర్పుమని కోరినచో ఖర్చు స్వల్పము, లాభము మిక్కిలి. మీ ఊరికి వేషగాడు వచ్చినప్పుడు చిల్లర చేతబెట్టి పంపివేయక, కొంతసేపు నిలిచి ఆతని పాదములవంక చూడుడు; నవ్విన పిమ్మట ఆ విద్యకు తగిన వెలయు నిండు.