పాలు పడని ఒళ్లు, పెరుగు తోడేసిన ఇళ్లు

ఉప్పల్, నాచారం కుర్రాళ్లు ఉద్యోగ ప్రకటనల్లో తరచూ చూసే మాట ‘అడాప్టబుల్’. కొత్త చోట సర్దుకుపోగలవాడని అర్థం. దాని తోబుట్టువు ‘అడాప్టివ్’ను కూడా చాలామంది అదే అర్థంలో వాడేస్తారు. జీవశాస్త్రంలో అలా వాడితే పొరపాటే. అక్కడ అది మనిషి సర్దుకుపోయే గుణాన్ని చెప్పదు. ఒకానొక పరిసరంలో బతకడానికీ, సంతానం నిలవడానికీ సాయపడి, తరతరాలుగా వ్యాపించిన లక్షణాన్ని చెబుతుంది.

రెండు మాటలూ లాటిన్ ‘ఆప్టస్’ నుంచి వచ్చాయి. చక్కగా అతికినది, తగినది అని దాని అర్థం. మన ఆప్తుడు, ప్రాప్తి, వ్యాప్తి అన్న మాటల్లోని సంస్కృత ధాతువుకూ దీనికీ మూలం ఒకటేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు.

‘అడాప్టివ్’ అన్న మాటకు మంచి ఉదాహరణ హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోనే, సీసీఎంబీలో (సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) దొరుకుతుంది. పుష్పమిత్ర భార్గవ వ్యవస్థాపక డైరెక్టరుగా 1977లో మొదలైన పరిశోధన సంస్థ అది.

పాలలోని చక్కెర లాక్టోజ్. దాన్ని అరిగించే ఎంజైము లాక్టేజ్ పసిపిల్లల్లో పుష్కలంగా ఉంటుంది. పాలు మరిచాక చాలామందిలో తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దపేగు చేరితే అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెడతాయి. కడుపు ఉబ్బరం, విరేచనాలు అందుకే. కొందరిలో మాత్రం డీఎన్ఏలో ఒక్క అక్షరం మారడం వల్ల ఆ ఎంజైము జీవితాంతం తయారవుతూనే ఉంటుంది.

సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి రెండు వేలకు పైగా భారతీయుల నమూనాలను పరిశీలించారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ఐరోపాలో కనిపించే మార్పే మన దేశంలోనూ ఉంది. వాయవ్యంలో ఎక్కువ, తూర్పుకూ దక్షిణానికీ వచ్చేకొద్దీ తక్కువ. పశువుల్ని మేపి పాలమీద బతికిన సమూహాల్లో ఆ మార్పు అడాప్టివ్. పాడే లేని చోట దానివల్ల ఒరిగేది లేదు. లక్షణం అదే, చోటు మారితే విలువ మారుతుంది. ఈ మాటలోని అసలు కీలకం ఇదే.

మరి దక్షిణాదిలో ఆ మార్పు లేనివాళ్ల సంగతి? జన్యువు చేయని పనిని వంటిల్లు కొంత చేసింది. తోడు వేసిన పాలలో బాక్టీరియా లాక్టోజ్‌లో కొంత భాగాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. అందుకే పాలు పడనివారిలో చాలామందికి పెరుగు, మజ్జిగ ఇబ్బంది పెట్టవు.

ఇంట్లో పెద్దవాళ్లెవరైనా గ్లాసుడు పాలు తాగలేమంటే బలవంతపెట్టకండి. ప్రపంచంలోని పెద్దల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఒంట్లో లాక్టేజ్ తక్కువే.