హెన్రీ సల్లివన్ థామస్: గాలపు వేట, మత్స్య సంరక్షణ

మన ప్రాంతపు సౌభాగ్యమంతా నీటిలో ఉన్నది. ఖమ్మం జిల్లా కొండలలో పుట్టిన తమ్మిలేరు చింతలపూడి మండలంలోని నాగిరెడ్డిగూడెం జలాశయాన్ని నింపి, ఏలూరు పట్టణాన్ని తాకి, కొల్లేటిలో కలుస్తున్నది. బుడమేరు, రామిలేరు కూడ ఆ సరస్సునకే చేరుతున్నవి. కొల్లేటి నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతున్నది. ఈ జలమార్గం పొడవునా చేపలపై ఆధారపడి జీవించే కుటుంబాలు తరతరాలుగా ఉన్నవి. నీరున్నంత కాలం చేపకు కొదువ ఉండదని మన పెద్దల విశ్వాసం. ఈ విశ్వాసం సరియైనది కాదని నూట యాభై ఏండ్ల క్రితమే హెచ్చరించిన వ్యక్తి ఒకరున్నారు. ఆయన ఒక ఆంగ్లేయ అధికారి, అంతకుమించి గాలపు వేటగాడు. ఆయన పనిచేసిన మద్రాసు రాజధానిలోనే నాడు మన ఏలూరు, కొల్లేరు ప్రాంతం కూడ ఉండేది. ఆ హెన్రీ సల్లివన్ థామస్‌ను మా పాఠకులకు పరిచయం చేయడం ఈ వ్యాసోద్దేశం.

ముందుగా ఆయన అభ్యసించిన కళను గూర్చి రెండు మాటలు. 'ఫ్లై ఫిషింగ్' అనగా ఈగను పోలిన ఎరతో చేపను పట్టుట. గాలపు కొక్కేనికి పక్షి ఈకలు, ఉన్ని, పట్టుదారం చుట్టి, నీటిపై వాలిన పురుగువలె కనబడేటట్లు చేస్తారు. మామూలు గాలంలో ఎర బరువు గాని, సీసపు గుండు బరువు గాని దారాన్ని దూరానికి లాగుకొని పోతుంది. ఈక ఎరకు బరువు లేదు. కనుక దారాన్నే బరువుగా చేసి, వంగే కర్రతో వెనుకకు ముందుకు ఊపి విసరాలి. చేప ఏ పురుగును తింటున్నదో, ఏ వేళ తింటున్నదో, ప్రవాహంలో ఎక్కడ నిలిచినదో తెలియనివానికి ఈ వేట సాగదు. మాసిడోనియాలో ఎర్రని ఉన్ని, కోడి ఈకలు చుట్టిన కొక్కేలతో చేపలు పట్టేవారని రెండు, మూడు శతాబ్దాల కాలంనాటి ఏలియన్ అనే రచయిత వర్ణించాడు. మన దక్కనులో కూడ పన్నెండవ శతాబ్దంలో కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన 'మానసోల్లాసము'లో గాలపు వేటను రాజవినోదంగా వర్ణించి, చేపల జాతులను, వాటికి వేయదగిన ఎరలను వివరించాడు. కనుక గాలం మనకు క్రొత్త కాదు. భారతదేశపు చేపలకు తగినట్లు ఈ విద్యను మలచి, శాస్త్రీయంగా గ్రంథస్థం చేసిన తొలివారిలో థామస్ ముఖ్యులు.

ఆయన 1833లో జన్మించారు. మద్రాసు సివిల్ సర్వీసులో చేరి దక్షిణ కన్నడ జిల్లాలోను, తరువాత తంజావూరులోను కలెక్టరుగా పనిచేశారు. పశ్చిమ కనుమలలో పుట్టి వేగంగా దిగివచ్చే దక్షిణ కన్నడ నదులే ఆయనకు పాఠశాలలైనవి. అక్కడి పెద్ద పొలుసుల మహాశీర్ చేప ఆయనను ఆకర్షించింది. బలంలోను, పట్టుదలలోను అది ఇంగ్లండు నదుల సాల్మనుకు ఏమాత్రం తీసిపోదని ఆయన భావించారు. 1873లో మంగుళూరులో అచ్చయిన ఆయన గ్రంథం 'ది రాడ్ ఇన్ ఇండియా' ఈ దేశపు గాలగాండ్రకు ప్రామాణిక గ్రంథమైంది. 1881లోను, 1897లోను మరల ముద్రణ పొందింది. 1887లో చెరువులలో గాలపు వేటను గూర్చి వేరొక పుస్తకం ప్రకటించారు. పెద్ద నదులు లేని ఊళ్ళలో సైతం చెరువుగట్టున కూర్చుండి ప్రకృతిని గమనించవచ్చునని దానివలన తెలిసింది.

అయితే థామస్‌ను కేవలం వినోదప్రియునిగా తలచడం పొరపాటు. తన గ్రంథానికి మూడేండ్ల ముందే, 1870లో, దక్షిణ కన్నడలోని మత్స్య సంవర్ధనంపై ఆయన ఒక నివేదిక సమర్పించారు. నదీతీరాలలో ప్రతిదినం చూచిన విధ్వంసమే దానికి ప్రేరణ. వేసవిలో ప్రవాహం సన్నగిల్లి చేపలు మడుగులలో చేరినప్పుడు నీటిలో విషపు కాయలు, ఆకులు కలిపేవారు. పనికివచ్చే పెద్ద చేపతోబాటు పనికిరాని చిరుపిల్ల కూడ చచ్చిపోయేది. సందు లేని వలలతో, తడికలతో పిల్లలను బుట్టలకొద్దీ పట్టేవారు.

ఇందలి నష్టం ఎంతటిదో మన ప్రాంతపు ఉదాహరణతో గ్రహించవచ్చు. తొలకరి వరద రాగానే చేపలలో అనేక జాతులు ఏటికి ఎదురెక్కి, మునిగిన పొలాలలోను, పల్లపు నేలలలోను గుడ్లు పెడతాయి. ఒక పెద్ద శీలావతి ఒక్క కారులోనే లక్షల గుడ్లు పెట్టగలదు. వరద తీయగానే పిల్లలు కాలువల వెంట క్రిందకు దిగుతాయి. ఎక్కేటప్పుడు గుడ్లతో ఉన్న తల్లిని, దిగేటప్పుడు వ్రేలెడైనా లేని పిల్లను, రెండింటినీ పట్టివేస్తే మరుసటి సంవత్సరానికి మిగిలేదేమి? విత్తనపు ధాన్యాన్ని వండుకొని తిన్న రైతు స్థితియే జాలరికి కలుగుతుంది. పిల్లను పెరగనిస్తే ప్రజల ఆహారం ఎన్నోరెట్లు పెరుగుతుందని థామస్ వాదించారు. ఆయన కోరినది వేటను మాన్పించడం కాదు. వేటకు హద్దు ఏర్పరచడం.

ఇదే కాలంలో మద్రాసు వైద్యశాఖకు చెందిన ఫ్రాన్సిస్ డే అనే శాస్త్రజ్ఞుడు దేశపు చేపలన్నింటిని పరిశీలిస్తూ ఇదే అభిప్రాయాన్ని ప్రభుత్వానికి తెలిపారు. థామస్ పంపిన చేపలలో ఒక క్రొత్త జాతికి డే 1874లో ఆయన పేరే పెట్టారు. ఆ ఎర్రని కన్నడ చేప నేటికీ శాస్త్రగ్రంథాలలో 'థొమస్సి' అనే నామంతో ఉన్నది. ఇట్టివారి కృషి ఫలితంగా 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. ప్రేలుడు పదార్థాలతో గాని, విషంతో గాని చేపలను చంపినవారికి రెండు నెలల వరకు కారాగారం, లేదా రెండువందల రూపాయల వరకు జరిమానా అందులో విధించారు. వలకన్ను పరిమాణాన్ని, ప్రవాహానికి అడ్డంగా పాతే కట్టడాలను నియంత్రించే అధికారం ప్రాంతీయ ప్రభుత్వాలకు కలిగింది. 1907లో మద్రాసులో ఫ్రెడరిక్ నికల్సన్ నాయకత్వాన మత్స్యశాఖకు పునాది పడింది.

ఇక్కడ ఒక ఆక్షేపణను విస్మరించరాదు. పాలకుల వినోదానికి చేపను దాచి, పేదవాని వలను దోషిగా నిలబెట్టారన్న విమర్శలో కొంత సత్యం ఉన్నది. గాలంతో ఒక్కొక్క చేపను పట్టే దొరకు ఆకలి బాధ లేదు. వల వేసే జాలరికి ఆ పూట కూడే ప్రశ్న. కనుక సంరక్షణ భారం పేదవానిపైననే మోపడం న్యాయం కాదు. కాని చేప నశించినప్పుడు ముందుగా పస్తు ఉండేవాడు కూడ ఆ పేదవాడే. థామస్ సూత్రాన్ని అధికారి దృష్టితో గాక జాలరి దృష్టితో చదివినప్పుడే దాని అసలు విలువ తెలుస్తుంది.

మన కొల్లేరే దీనికి నిదర్శనం. కొర్రమీను, వాలుగ, జెల్ల, మట్టగిడసలకు నిలయమైన ఆ సరస్సులో 1970వ దశకం చివరి నుండి చేపల చెరువులు విస్తరించినవి. గట్లు లేచి, నీటి దారులు మూసుకొని, స్వేచ్ఛగా తిరిగే చేపలకు ఎక్కే త్రోవ, దిగే త్రోవ తగ్గినవి. 1999లో ఐదవ కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. 2006లో చెరువుగట్లను పెద్దయెత్తున తొలగించారు. ఆ గట్లతోబాటు అనేకుల జీవనోపాధి కూడ కూలిందన్న వేదన ఒకవైపు, సరస్సు బ్రతకాలన్న ఆవశ్యకత మరియొకవైపు నేటికీ ఉన్నవి. థామస్ కాలంలో ప్రమాదం వలలోను, విషంలోను ఉండేది; మన కాలంలో అది నీటి దారికే వచ్చింది. చేపపిల్లకు పెరిగే వ్యవధి మాత్రమే కాక, పెరిగే చోటు కూడ విడిచిపెట్టవలసి ఉన్నది.

థామస్ 1904లో మరణించారు. ఆయన ఆశయం మాత్రం నిలిచినది. పట్టిన మహాశీర్‌ను గాయపరచక తిరిగి నీటిలో విడిచే ఆచారం గాలగాండ్రలో వ్యాపించింది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేటను నిషేధించడం కూడ, గుడ్లుపెట్టే చేపకు వ్యవధి ఇవ్వాలన్న ఆ భావనకు రూపమే.

విద్యార్థి మిత్రులారా! థామస్ తన పరిశీలనను ఏ ప్రయోగశాలలోను ప్రారంభించలేదు. ఏటి ఒడ్డున ప్రారంభించారు. తమ్మిలేరు మనకు అందుబాటులోనే ఉన్నది. ఏ నెలలో ఏ చేప ఎదురెక్కుతున్నది, ఏ వలకన్ను ఎంత ఉన్నది, పెద్దలెరిగిన ఏ జాతి నేడు కనబడుటలేదు అన్న విషయాలను జాలరి పెద్దలను అడిగి వ్రాసి ఉంచడానికి ఒక నోటుపుస్తకం చాలును. మన కళాశాల జంతుశాస్త్ర విద్యార్థులు ఈ పనికి పూనుకొని, కార్యవర్గంవారు ప్రోత్సహించినచో, కొన్నేండ్లలో ఈ ఏటి చేపల చరిత్ర మన చేతనే తయారు కాగలదు. ఆ చరిత్ర ఉన్ననాడు తమ్మిలేటి చేపను గూర్చి, దానిపై బ్రతికే జాలరిని గూర్చి జరిగే నిర్ణయాలలో మన ప్రాంతపు మాటకు కూడ ఆధారం ఉంటుంది.