గినెస్ట్‌లే ఎక్కడుంది?

ఏ ఊరని అడిగితే ఆ అయిదేళ్ల పిల్లాడు ‘గినెస్ట్‌లే’ అన్నాడు. 1986 నాటి కలకత్తాలో ఎవరికీ ఆ ఊరు తెలియదు. తెలిసే వీల్లేదు కూడా. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా పట్నంలో గణేశ్ తలాయి అని ఒక పేట ఉంది. అది ఆ పసినోట్లో పడి అలా నలిగింది. షేరూ అన్న తన పేరునే వాడు సరూ అని పలికేవాడు. లోకం ఇవాళ్టికీ అతన్ని సరూ బ్రియర్లీ అనే పిలుస్తోంది.

అన్న గుడ్డూతో కలిసి రైల్లో బుర్హాన్‌పూర్ వెళ్లి, స్టేషన్ బెంచీ మీద నిద్రపోయాడు. లేచేసరికి అన్న లేడు. ఎదురుగా ఆగి ఉన్న రైలెక్కితే అది హౌరాలో తేల్చింది. వీధుల్లో కొన్ని వారాలు, తర్వాత అనాథాశ్రమం, 1987లో ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌కు దత్తత. పాతికేళ్ల తర్వాత, 2012లో, వెనక్కి వచ్చి కన్నతల్లిని కలుసుకున్నాడు. ‘లయన్’ సినిమా చూసినవాళ్లకు ఇదంతా తెలిసిందే. ఇన్నేళ్లలో అతని తలలో ఏది మిగిలింది, ఏది చెరిగిపోయింది అన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న.

మీకు గుర్తున్న మొట్టమొదటి సంగతి ఏమిటని పెద్దవాళ్లను అడిగితే, సగటున మూడు, మూడున్నరేళ్ల వయసు దగ్గర ఆగిపోతారు. ఏడేళ్ల లోపు జ్ఞాపకాలు కూడా అతుకుల బొంతే. మెదడులో జ్ఞాపకాలను కూర్చే హిప్పోకాంపస్‌లో పసితనాన కొత్త కణాలు జోరుగా పుడుతూ పాత అల్లికను చెదరగొడతాయని ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది. మనుషుల్లోనూ అంతేనా అన్నది ఇంకా తేలని వాదన. అదే హిప్పోకాంపస్ దారులనూ దాచుకుంటుంది. ఒక్కో చోటికి వెళ్లినప్పుడు వేర్వేరు కణాలు మేల్కొంటాయని జాన్ ఓకీఫ్ 1971లో చూపించాడు. 2014 నోబెల్‌లో సగం దానికే.

మా చిన్నప్పటి ఇంటి యజమాని పేరు నాకు గుర్తులేదు. కానీ పెరట్లో నుయ్యి ఎటు ఉండేదో, నాలుగు మెట్లలో ఏది విరిగిందో కళ్లు మూసుకుని చెప్పగలను. సరూకీ అంతే. ఊరి పేరు చెడిపోయింది గానీ స్టేషన్ పక్క నీళ్ల ట్యాంకు, పట్టాల మీది వంతెన, ఆడుకున్న నది చెడలేదు. వాటిని అతను ఊరికే వదిలెయ్యలేదు మరి. హోబర్ట్‌లో పడక మీద వాలి, మనసులోనే ఇంటి దారి మళ్లీ మళ్లీ నడిచేవాడట. పెంపుడు తల్లి అతను చెప్పిందల్లా విని కాగితం మీద పటం గీసి పెట్టింది. మననం చేసిన జ్ఞాపకం గట్టిపడుతుంది. చేసిన ప్రతిసారీ కాస్త మారే ప్రమాదమూ ఉంది. ఆ కాగితం మాత్రం మారదు.

ఇక పెద్దయ్యాక ఆ ఊరిని వెతకడానికి వేసిన లెక్క. రైల్లో ఉన్నది పద్నాలుగు గంటలని అంచనా వేసి, దాన్ని రైలు వేగంతో హెచ్చించి, సుమారు 1,200 కిలోమీటర్లని తేల్చుకున్నాడు. కోల్‌కతా చుట్టూ అంత వ్యాసార్ధంతో వృత్తం గీస్తే 45 లక్షల చదరపు కిలోమీటర్లు వస్తుంది. మన దేశమే 33 లక్షలు దాటదు! వృత్తంలో సముద్రం, పరాయి దేశాలు తీసేసినా హైదరాబాద్ దాకా లోపలే పడుతుంది. హిందీ మాట్లాడని ప్రాంతాలను పక్కన పెట్టాడు. గూగుల్ ఎర్త్‌లో నేలంతా వెతక్కుండా హౌరా నుంచి పట్టాలనే పట్టుకుని పోయాడు. ఇదే నాకు నచ్చిన తెలివి. వైశాల్యాన్ని వెతికే పనిని గీతల్ని వెతికే పనిగా మార్చేశాడు. అయినా జంక్షన్ జంక్షన్‌కీ గీత చీలుతూనే ఉంటుంది.

రైలెక్కిన స్టేషన్ పేరు ‘బెరాంపూర్’ లాంటిదేదో అని గుర్తు. మనకైతే ఆ మాట వినగానే ఒడిశాలోని బరంపురం తడుతుంది. బెంగాల్లో ఇంకో బహరంపూర్ ఉంది. అసలుది బుర్హాన్‌పూర్. 2011లో ఒక రాత్రి తెర మీద ఆ నీళ్ల ట్యాంకు కనబడింది. అక్కడినుంచి పట్టాల వెంట పైకి వెళితే ఖండ్వా. తమాషా ఏమిటంటే అది వృత్తానికి బయట ఉంది. కోల్‌కతా నుంచి నేరుగా కొలిస్తేనే 1,230 కిలోమీటర్లు దాటుతుంది, రైలుదారిన 1,500 పైమాటే. నిద్రపోయిన పసివాడికి గంటల లెక్కేం తెలుస్తుంది?

దారి మిగిలింది గానీ భాష మిగల్లేదు. తల్లి ఎదురుపడేనాటికి అతనికి హిందీ దాదాపు రాదు. మధ్యలో ఒకరు తర్జుమా చెయ్యాల్సి వచ్చింది. ఇందులో వింతేమీ లేదు. మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య కొరియా నుంచి ఫ్రాన్స్‌కు దత్తత వెళ్లినవాళ్లను పెద్దయ్యాక స్కానర్‌లో పడుకోబెట్టి కొరియన్ వాక్యాలు వినిపిస్తే, వాళ్ల మెదళ్లు పుట్టు ఫ్రెంచివాళ్ల మెదళ్లలాగే ఉండిపోయాయని 2003లో ఒక అధ్యయనం చెప్పింది. 2014లో మాంట్రియల్‌లో ఇంకోటి తేలింది. ఏడాది వయసు ప్రాంతంలో చైనా నుంచి వచ్చి ఫ్రెంచి మాత్రమే తెలిసిన అమ్మాయిల మెదళ్లు, చైనీస్ స్వరాలు వినబడగానే చైనీస్ వచ్చినవాళ్ల మెదళ్లలాగే స్పందించాయి. రెండింటికీ పొత్తు కుదరదనిపిస్తుంది. నాకు మాత్రం వాక్యం పోయి దాని కింది రాగం నిలబడిందనిపిస్తుంది.

ఖండ్వా స్టేషన్ నుంచి సరూ ఎవర్నీ దారి అడగకుండానే పాత ఇంటికి నడిచాడు. తలుపుకు తాళం. చిన్నప్పటి ఫొటో చూపించి, నోటికి వచ్చిన తమవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. తను తప్పిపోయిన రాత్రే గుడ్డూ పట్టాల పక్కన చనిపోయాడన్న సంగతి అప్పటికింకా అతనికి తెలియదు. ఒకాయన వెంటబెట్టుకుని వెళ్లాడు. కొడుకు ఎప్పటికైనా వస్తాడని ఆ పేట దాటి ఎక్కడికీ పోని తల్లి, మలుపు తిరగగానే వచ్చే గుమ్మం ముందు నిలబడి ఉంది.