ఛార్జింగ్ స్టేషన్లకు సైబర్ ముప్పు

విద్యుత్ వాహనాల ఛార్జింగ్ స్టేషన్ పైకి కరెంటు ఇచ్చే పెట్టెలా కనిపించినా, దాన్ని నడిపించేది లోపలి కంప్యూటర్. వాహనంతో, చెల్లింపు యాప్‌తో, నిర్వహణ సంస్థ సర్వర్‌తో, విద్యుత్ గ్రిడ్‌తో దానికి ఒకేసారి సంబంధం ఉంటుంది. వీటిలో ఏ దారి తెరిచి ఉన్నా చొరబాటుకు అవకాశమే.

వీటిలో ఎక్కువ భయపడాల్సింది స్టేషన్‌కూ సర్వర్‌కూ మధ్య ఉన్న దారి గురించే. చాలా దేశాల్లో ఈ రెండూ ఓసీపీపీ అనే ప్రోటోకాల్‌లో మాట్లాడుకుంటాయి. 2015లో వచ్చిన 1.6 వెర్షన్ ఇప్పటికీ విస్తారంగా వాడుకలో ఉంది. అందులో సందేశాలను ఎన్‌క్రిప్ట్ చేయాలన్న నిర్బంధం మొదట లేదు. ఆ రక్షణ లేని చోట, నెట్‌వర్క్‌లో దూరినవారు సర్వర్ పేరుతో ఛార్జింగ్ ఆపేయవచ్చు. స్టేషన్ పేరుతో తప్పుడు మీటర్ లెక్క పంపవచ్చు.

యంత్రం తయారైన చోటు నుంచే ముప్పు రావచ్చనడానికి రష్యా ఉదంతం ఉంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే మాస్కో–సెయింట్ పీటర్స్‌బర్గ్ ఎం-11 రహదారిపై ఛార్జర్లు మొరాయించాయి. తెరల మీద పుతిన్‌ను దూషించే రాతలు వచ్చాయి. ప్రధాన భాగాలు సరఫరా చేసిన ఉక్రెయిన్ కంపెనీ వాటిలో దొడ్డిదారి ఉంచుకుందని రష్యా విద్యుత్ సంస్థ రోసెటి ప్రకటించింది.

దాడికి నెట్‌వర్క్ కూడా అక్కర్లేదని అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ, స్విట్జర్లాండ్ పరిశోధకులు నిరూపించారు. సీసీఎస్ అనే ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతిలో కారు, ఛార్జర్ పరస్పరం సమాచారం పంపుకొనేది ఛార్జింగ్ కేబుల్ ద్వారానే. ఆ కేబుల్ యాంటెన్నాలా బయటి రేడియో తరంగాలనూ పట్టుకుంటుంది. ఒక వాట్ కన్నా తక్కువ శక్తి గల సంకేతంతో, 47 మీటర్ల దూరం నుంచి వారు ఛార్జింగ్‌ను ఆపగలిగారు. బ్యాటరీకి హాని జరగదు గానీ, బయలుదేరాల్సిన అంబులెన్సుకు ఆ అంతరాయమే ప్రమాదం.

గ్రిడ్‌కు ముప్పు సంఖ్యతో పెరుగుతుంది. 60 కిలోవాట్ల ఛార్జర్లు వెయ్యి ఒక్కసారిగా ఆగితే 60 మెగావాట్ల లోడు క్షణంలో తగ్గుతుంది. ఇలాంటివి లక్షల్లో ఒకే సర్వర్ ఆజ్ఞకు లోబడితే గ్రిడ్ ఫ్రీక్వెన్సీయే చలించవచ్చు. అందుకే బ్రిటన్ 2022 నుంచి ఇళ్లలో, కార్యాలయాల్లో పెట్టే కొత్త ఛార్జర్లన్నీ ఒకే క్షణంలో స్పందించకుండా, ఒక్కోదానికి ఒక్కో ఆలస్యం ఉండాలని నిబంధన పెట్టింది. ఇది అన్ని దేశాలూ అనుసరించదగ్గ జాగ్రత్త.

భారత్‌లోనూ ఛార్జింగ్ స్టేషన్ల ఉత్పత్తులు, యాప్‌లలో లోపాలపై సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు సమాచారం అందినట్లు కేంద్రం 2023లో పార్లమెంటుకు తెలిపింది. ఎన్‌క్రిప్షన్, డిజిటల్ సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే అంగీకరించే ఏర్పాటు ఓసీపీపీ 2.0.1లో ఉన్నాయి. కొత్త స్టేషన్లకు పిలిచే ప్రతి టెండరులోనూ వీటిని తప్పనిసరి షరతుగా పెట్టాలి. వాహనదారులు స్టేషన్‌పై అంటించిన క్యూఆర్ కోడ్ నకిలీది కావచ్చు కాబట్టి దాన్ని నమ్మకుండా, సంస్థ సొంత యాప్ ద్వారానే డబ్బు చెల్లించడం మంచిది.